అమెరికా పాత పట్టాల్లో ఆరేళ్ల వెతుకులాట

మా అత్తగారిది ఇల్లినాయ్. వాళ్ల ముత్తాత తండ్రి 1830ల్లో అక్కడికొచ్చి అడవి కొట్టి పొలం చేశాడని ఇంట్లో చెప్పుకుంటారు. కాగితం ముక్క మాత్రం లేదు. ఆరేళ్ల కిందట దాన్ని వెతికే పని నా నెత్తిన పడింది.

మొదట నెలనెలా డబ్బు కట్టే ఒక వంశవృక్షం సైటులో చేరాను. అక్కడెవరో ఒకే పేరున్న ఇద్దరిని కలిపి ఒక్కడిని చేశారు, మిగతావాళ్లు దాన్నే కాపీ కొట్టారు. ఆ లెక్కన మా పెద్దాయన చనిపోయాక కూడా ఇద్దరు పిల్లల్ని కన్నాడు! ఆరు నెలలు వృథా.

ఆ తర్వాత మనిషిని వదిలి భూమిని పట్టుకున్నాను. ఫెడరల్, అంటే అక్కడి కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన పట్టాలు దాని పాత భూముల శాఖ, జనరల్ ల్యాండ్ ఆఫీస్ రికార్డుల సైటులో ఉచితం. పేరు, రాష్ట్రం కొడితే చాలు, స్కాన్ వస్తుంది. మన సర్వే నంబరు లాంటిదే అక్కడి టౌన్‌షిప్, రేంజ్, సెక్షన్ లెక్క. ఆరు మైళ్ల చదరం ఒక టౌన్‌షిప్, అందులో 36 సెక్షన్లు, ఒక్కోటి 640 ఎకరాలు. పెద్దాయన కొన్నది 80 ఎకరాలు. ఎకరం ఒకటింబావు డాలరు చొప్పున వంద డాలర్లు.

పట్టా మీద 1838 అని ఉంది. అది వాషింగ్టన్‌లో పట్టా రాసిన తేదీ. కొన్నది 1835లోనే అని ఇల్లినాయ్ స్టేట్ ఆర్కైవ్స్ వాళ్ల భూవిక్రయాల డేటాబేస్‌లో తేలింది, అదీ ఉచితమే. పట్టా చూసి అత్తగారు "ప్రెసిడెంట్ వాన్ బ్యూరెన్ స్వయంగా సంతకం పెట్టారు" అని మురిసిపోయారు. 1833 నుంచి ప్రెసిడెంట్ పేరు రాసింది సెక్రటరీలేనని చెప్పడానికి రెండు రోజులు నాకు నోరు రాలేదు.

టెన్షన్ పెట్టింది కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది. పొలం ఇప్పుడు మెనార్డ్ కౌంటీలో ఉంది, అక్కడి భూమి రికార్డు పుస్తకాల్లో మొదటి నాలుగేళ్ల జాడే లేదు. తీరా చూస్తే మెనార్డ్ పుట్టిందే 1839లో, అంతకుముందు అది శాంగమన్ కౌంటీ. జిల్లాల విభజన కళ్లారా చూసిన నాకే తట్టలేదు.

1840 వరకు జనాభా లెక్కల్లో ఇంటి యజమాని పేరే ఉంటుంది, మిగతావాళ్లంతా వయసులవారీగా అంకెలు. పెద్దాయన భార్య పేరు నాకు 1850 లెక్కల్లో గానీ దొరకలేదు. పట్టాల్లోనూ అంతే, ఆ నేల మీద ముందు ఎవరూ లేనట్టే ఉంటుంది. 1819 ఎడ్వర్డ్స్‌విల్ ఒప్పందంలో అక్కడి మూలవాసులైన కికపూ తెగవాళ్లు దాన్ని వదులుకోవాల్సి వచ్చిన సంగతి వేరే చోట చదువుకోవాలి.

అన్నిటికంటే ఎక్కువ దక్కింది పెద్దాయన కొడుకు ఫైల్లో. అతను నెబ్రాస్కా వెళ్లి హోమ్‌స్టెడ్ చట్టం (అక్కడే ఉండి సాగు చేసుకునేవాళ్లకు ప్రభుత్వ భూమి ఇచ్చే చట్టం) కింద 160 ఎకరాలు తీసుకున్నాడు. నేషనల్ ఆర్కైవ్స్ నుంచి డబ్బు కట్టి కేసు ఫైలు తెప్పించాను. అయిదేళ్లు కాపురం ఉన్నాడని పొరుగువాళ్లిద్దరి సాక్ష్యం, ఇంటి కొలతలు, దున్నిన ఎకరాలు, చివరికి బావి కూడా రాశారు. నగదుకు కొన్న భూముల ఫైళ్లకు మాత్రం డబ్బు తగలేయకండి, చాలావాటిలో రసీదు తప్ప ఏమీ ఉండదు.

పెద్దాయన పుట్టింది కెంటకీ అని 1850 లెక్కల్లో ఉంది. కెంటకీ భూములు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చినవి కావు కాబట్టి ఆ ల్యాండ్ ఆఫీస్ సైటు అక్కడ పనికిరాదు. ఆ రాష్ట్రంలో పొలాల పాత హద్దులు ఫలానా ఓక్ చెట్టు నుంచి ఫలానా వాగు దాకా అన్న తీరులో ఉంటాయి. రెండేళ్లుగా ఆ చెట్టు దగ్గరే ఆగిపోయాను.