ఆరు మైళ్ల హెక్స్ మ్యాప్: ఏళ్ల తరబడి వాడాక

టేబుల్‌టాప్ క్యాంపెయిన్‌కి (బల్ల చుట్టూ కూర్చుని పాత్రలుగా నెలల తరబడి ఆడే కథకి) లోకం కట్టేవాళ్లు మొదట తికమకపడేది ఒక్కో హెక్స్, అంటే మ్యాప్ మీది ఆరు భుజాల గడి, ఎన్ని మైళ్లు ఉండాలన్న దగ్గరే. చాలా కొలతలు వాడి చూశాక నా ఓటు 6 మైళ్లకే. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట అయిదో ఎడిషన్ (2014) రూల్స్‌లో రోజు నడక మామూలుగా 24 మైళ్లు, నెమ్మదిగా 18, వేగంగా 30. అంటే 4, 3, 5 హెక్స్‌లు; శేషం మిగలదు. చూపుకీ ఇదే కొలత కుదురుతుంది. చదును నేల మీద నిలబడ్డ మనిషికి దిగంతం దాదాపు 3 మైళ్లు, హెక్స్ నడిమి నుంచి అంచు దాకా. 100 అడుగుల గుట్ట ఎక్కితే 12 మైళ్లు, రెండు హెక్స్‌ల అవతలిదాకా కనిపిస్తుంది. "అక్కణ్ణుంచి ఏం కనిపిస్తోంది?" అని ప్లేయర్ అడిగితే మ్యాప్ చూసే జవాబు చెప్పొచ్చు.

తంటా కష్టమైన నేలతో వస్తుంది. చిత్తడి, కొండలు వేగాన్ని సగం చేస్తాయి. 4 అయితే 2, కానీ 3 అయితే ఒకటిన్నర. సగం హెక్స్‌లో ఆగిన పార్టీ (ప్లేయర్ల పాత్రల గుంపు) ఎక్కడుందో మరుసటి సెషన్‌కి ఎవరికీ గుర్తుండదు. అందుకే రోజుకి హెక్స్‌ల బదులు అన్నే పాయింట్లు ఇచ్చేయండి: మామూలు హెక్స్‌కి 1 ఖర్చు, కష్టమైనదానికి 2, మిగిలిన పాయింటు మర్నాటికి జమ.

ఇంకో మోసం స్కేల్ గీతది. 10×10 గ్రిడ్‌లో హెక్స్‌లు అంచుకి అంచు ఆనే దిశలో 60 మైళ్లు. రెండో దిశలో వరసలు ఒకదాన్లోకి ఒకటి చొచ్చుకుంటాయి కాబట్టి 54 మైళ్లకి మించదు. గీత తీసేసి హెక్స్‌లు లెక్కపెట్టుకోవడమే నయం.

నదిని మాత్రం హెక్స్ మధ్యలోంచి గీయొద్దు. పార్టీ ఏ గట్టున ఉందన్న వాదన ప్రతి సెషన్‌లోనూ లేస్తుంది. అంచుల వెంట గీస్తే దాటడానికి ఒక పాయింటు అని సూటిగా చెప్పేయొచ్చు. చూడ్డానికి వంకరగా ఉంటుంది, నిజమే. ఆటకి మాత్రం హాయి. నదులు కలుస్తాయి గానీ డెల్టాలో తప్ప సాధారణంగా చీలవు. కొండలకి గాలి తగిలే వైపు అడవి, అవతలి వైపు ఎండునేల పెడితే సగం మ్యాప్ దానంతటదే నిండుతుంది.

అసలు శ్రమంతా లోపలి సరుకులోనే. 100 హెక్స్‌లకీ కథ రాయబోయి సగంలో వదిలేసిన మ్యాప్‌లు లెక్కలేనన్ని. ఒక్కో హెక్స్‌కి ఆరుముఖాల డైస్ వేసి, 1 పడితేనే ఒక స్థలం పెట్టండి. 16, 17 వస్తాయి, మొదటి కొన్ని నెలలకి చాలు. ఒక్కోదానికి రెండే వాక్యాలు: అక్కడ ఏముంది, ఇప్పుడు ఏం జరుగుతోంది. దానికి తోడు వేరే హెక్స్ వైపు వేలు చూపే ఒక పుకారు. ఈ పుకారు లేకపోతే ప్లేయర్లు దగ్గరి హెక్స్‌లు వరసగా దున్నుకుంటూ పోతారు. ఎన్‌కౌంటర్‌కి, అంటే దారిలో ఏదో ఎదురుపడటానికి, కూడా ఆరింట ఒకటే. రోజుకి మూడుసార్లు వేస్తే ఏదో ఒకటి తగిలే అవకాశం 42 శాతం. అయిదు రోజుల ప్రయాణానికి అది ఎక్కువే, రోజుకి రెండుకి తగ్గించండి.

ఒక్క హెక్స్ 31 చదరపు మైళ్లు. మనుషులు నిండుగా ఉన్న నేలలో అందులో నాలుగైదు ఊళ్లు సహజం. మ్యాప్ మీద ఒక్క ఊరి గుర్తే ఉందని చుట్టూ నిర్జనం అనుకుంటే, కోటలోని సైన్యానికి తిండి ఎక్కణ్ణుంచి వస్తోందో చెప్పలేరు.

గ్రిడ్ ఉన్న మ్యాప్ ప్లేయర్లకి ఇవ్వకండి. "0705కి వెళ్తాం" అని హెక్స్ నంబరు చెప్పడం మొదలెడతారు, దారి తప్పడమన్నది ఆటలోంచే మాయమైపోతుంది. గడులు లేని చేతిగీత మ్యాప్ చాలు, దూరాలు కాస్త తప్పుగా ఉంటే మరీ మంచిది.

ఒకే నగరంలో తిరిగే క్యాంపెయిన్‌కి ఈ పద్ధతి దండగ. సముద్రం మీదా బిగుతే: గంటకి 2 మైళ్ల ఓడ రాత్రింబవళ్లు సాగితే రోజుకి 48 మైళ్లు, 8 హెక్స్‌లు, కాగితం చివరికి ఇట్టే చేరిపోతుంది. ఓడలకి 24 మైళ్ల హెక్స్‌లతో వేరే కాగితం పెట్టుకుంటే రోజుకి రెండు గడులతో సరిపోతుంది.