కొత్త నగరంలో తెల్లవారుజాము కొండదారులు: బస, సైకిల్, సమయం కుదుర్చుకునే తీరు

పని మీద మరో నగరానికి వెళ్లినప్పుడు రోజంతా ఇతరుల చేతిలోనే ఉంటుంది. సైకిల్ తొక్కేవారికి తమదంటూ మిగిలేది ఉదయం ఎనిమిదిలోపు సమయం ఒక్కటే. ఆ కాస్త సమయంలో ఒక కొండ ఎక్కి దిగి, స్నానం చేసి పనికి చేరుకోవాలంటే ముందుగా ఆలోచించవలసింది ఏ కొండ పేరున్నది అని కాదు, ఆ రోజు పొద్దు ఎన్ని గంటలకు పొడుస్తుంది అని. నేను చాలాకాలంగా ఒకే నియమం పాటిస్తున్నాను: ఎక్కడం చీకట్లో మొదలైనా ఫరవాలేదు, దిగడం మాత్రం వెలుగులోనే జరగాలి. ఎక్కేటప్పుడు వేగం గంటకు పది కిలోమీటర్ల చుట్టూ ఉంటుంది కాబట్టి మామూలు లైటు సరిపోతుంది. దిగేటప్పుడు గంటకు 45 కిలోమీటర్ల వేగం అలవోకగా వస్తుంది, అంటే సెకనుకు పన్నెండు మీటర్లకు పైగా. ఆ వేగంలో మలుపు లోపలివైపు రాలిన తడి ఆకులో, చెల్లాచెదురైన కంకరో లైటు వెలుతురులో కంటపడేసరికి బ్రేకు వేసే వ్యవధి ఉండదు. బస ఎక్కడ, సైకిల్ ఎప్పుడు తెచ్చుకోవాలి, ఏ దారిలో వెళ్లాలి అన్న నిర్ణయాలన్నీ నాకు ఈ నియమం నుంచే వస్తాయి.

లెక్క వేయడానికి దూరం కంటే ఎత్తు ముఖ్యం. ఓ మోస్తరుగా సాధన ఉన్నవారు గంటకు 600 మీటర్ల ఎత్తు ఎక్కగలరని అనుకుంటే, 6 శాతం వాలు ఉన్న 5 కిలోమీటర్ల దారి 300 మీటర్ల ఎత్తు కాబట్టి అరగంట పడుతుంది. దానికి బస నుంచి కొండ పాదం వరకు పట్టే సమయం కలిపి, సూర్యోదయం నుంచి వెనక్కి లెక్కించాలి. సూర్యుడు పైకి రాకముందే రోడ్డు కనిపించేంత వెలుతురు వస్తుంది గానీ, ఆ మసక వెలుతురు ఎంతసేపు ఉంటుందన్నది ప్రాంతాన్ని బట్టి మారుతుంది. భూమధ్యరేఖకు దగ్గరి నగరాల్లో అది ఇరవై నిమిషాలకు కాస్త ఎక్కువ, జూన్ నెల లండన్‌లో ముప్పావు గంటకు పైనే. పడమటి ముఖంగా ఉన్న వాలు, చెట్లు కమ్ముకున్న దారి పొద్దు పొడిచిన తర్వాత కూడా చాలాసేపు చీకటిగానే ఉంటాయి. అందుకని మ్యాపులో ఎత్తు గీతలతో పాటు కొండ ఏ దిక్కుకు తిరిగి ఉందో కూడా చూస్తాను.

ఈ లెక్కకు అన్నివిధాలా సరిపోయిన చోటు ఫ్రాన్స్‌లోని నీస్. సముద్రతీరపు నగరం నుంచి తూర్పుగా కదిలితే కొద్దిసేపట్లోనే కోల్ దెజ్ ఎక్కుడు మొదలవుతుంది. శిఖరం ఎత్తు 507 మీటర్లు, దారి తొమ్మిది పది కిలోమీటర్లు. పారిస్-నీస్ సైకిల్ పోటీ కొన్నేళ్లు ఈ కొండ మీదే, ఒక్కొక్కరే గడియారంతో పోటీపడి ఎక్కే పందెంతో ముగిసింది కాబట్టి సైకిల్ ప్రపంచంలో ఇది అందరూ ఎరిగిన దారి. నాకు మాత్రం దీని విలువ పేరులో లేదు. నగర మధ్యంలో బస చేసినా సైకిల్‌ను కారులోనో రైల్లోనో మోసుకుపోవలసిన పని లేదు, బయలుదేరిన గంటలో శిఖరం మీద ఉండవచ్చు. మొదట్లో వాలు కాస్త గట్టిగా ఉండి, పైకి వెళ్లేకొద్దీ తేలికవుతుంది. అదే సమయానికి కుడివైపు కింద సముద్రం నల్లగా ఉన్నది బూడిదరంగుకు మారుతుంది. నీస్‌లో బస ఎంచుకునేవారు పడమటి తీరం కంటే పాతబస్తీ, ఓడరేవు వైపు చూసుకోవడం మంచిది. ఉదయపు రద్దీ మొదలయ్యాక నగరాన్ని అడ్డంగా దాటే శ్రమ తప్పుతుంది.

బార్సిలోనాలో కొండ దగ్గరే గానీ, దారి అంత అనుకూలం కాదు. నగరం వెనుక నిలిచిన టిబిదాబో 512 మీటర్ల ఎత్తు. అరబస్సాద రోడ్డు మీదుగా ఎక్కడం హాయిగానే ఉంటుంది, వాలు సమంగా ఉండి లయ తప్పనివ్వదు. అయితే అది కొండకు అవతలి సంత్ కుగాట్‌ను నగరంతో కలిపే దారి కూడా కావడంతో, పనిరోజుల్లో తెల్లవారిన కాసేపటికే వాహనాలు వరసకడతాయి. అక్కడ దిగుడు వెలుగులో జరగాలన్న నియమానికి మరొకటి జోడించాలి: రద్దీకి ముందే కిందికి చేరాలి. శీతకాలంలో పొద్దు ఆలస్యంగా పొడుస్తుంది కాబట్టి ఈ రెండూ కలిసిరావు. అలాంటి నెలల్లో పనిరోజున ఈ కొండ జోలికి పోకపోవడమే మేలు.

శాన్ ఫ్రాన్సిస్కో పక్కనే ఉన్న హాక్ హిల్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. కొత్తగా వెళ్లేవారు అందరికంటే ఎక్కువగా అడిగే కొండ అదే. గోల్డెన్ గేట్ వంతెన దాటి ఉత్తర కొసకు చేరాక కాంజెల్మన్ రోడ్డు మొదలవుతుంది. దాదాపు మూడు కిలోమీటర్ల ఎక్కుడు, సగటున 6 శాతం వాలు, పైన ఎత్తు 280 మీటర్లు. దూరం చూసి ఇంతేనా అనిపిస్తుంది గానీ గాలి ఈ దారిని రెట్టింపు చేస్తుంది. వంతెన మీద పక్కనుంచి తోసే గాలి ఎక్కుడులో ఒక మలుపులో ఎదురై, మరుసటి మలుపులో వెన్నుతడుతుంది. వేసవిలో పొగమంచు వంతెన స్తంభాల్ని మింగేస్తుంది. చేతి తొడుగుల మీద, కళ్లద్దాల మీద సన్నని నీటిచుక్కలు పేరుకుంటాయి. వానే లేకపోయినా రోడ్డు నల్లగా తడిసి ఉంటుంది, వంతెన కాలిబాటలో ఉన్న ఇనుప అతుకులు జారుతాయి. కాబట్టి వేసవిలో అక్కడికి వెళ్లేవారికి వెలుగు లెక్క సరిపోదు, తడిరోడ్డు లెక్క కూడా ఉండాలి. సెప్టెంబరు, అక్టోబరు నెలలు అక్కడ ఎక్కువ నిర్మలంగా ఉంటాయి. మరో ముఖ్యమైన విషయం: శిఖరం దాటాక సముద్రం వైపు దిగే దారి ఒకవైపే వెళ్లే ఇరుకైన రోడ్డు, ఒక్కసారిగా నిటారుగా పడిపోతుంది. సమయం తక్కువగా ఉన్నవారు, దారికి కొత్తవారు వచ్చిన దారినే తిరిగి దిగాలి. బస విషయానికి వస్తే, నగర నడిబొడ్డున ఉన్న పెద్ద హోటళ్ల నుంచి వంతెనకు చేరేలోపే కొన్ని నిటారు వీధులు అడ్డుపడతాయి. మరీనా అనే పేట వైపు బస చేస్తే తీరం వెంట చదునైన దారి వంతెన దగ్గరికి తీసుకుపోతుంది.

లండన్ వెళ్లేవారికి బాక్స్ హిల్ పేరు చెబుతారు. 2012 ఒలింపిక్స్ రోడ్డు పోటీలో పురుషులు దాన్ని తొమ్మిదిసార్లు ఎక్కారు. దారి అందమైనదే, జిగ్ జాగ్ రోడ్డు మలుపులు చూడముచ్చటగా ఉంటాయి. కానీ రెండున్నర కిలోమీటర్ల ఎక్కుడు కోసం నగరం దాటి అంత దక్షిణానికి రైలెక్కడం, పనిరోజు ఉదయపు రద్దీలో మడతపెట్టలేని సైకిల్‌ను నగరంవైపు వచ్చే రైళ్లలోకి రానివ్వకపోవడం కలిపి చూస్తే, సెలవు రోజు పెట్టుకోవలసిన ప్రయాణం ఇది. దీనికి పూర్తిగా భిన్నమైనది సియోల్. నగరం మధ్యలోనే ఉన్న నమ్‌సాన్ చిన్న కొండే అయినా పైకి వెళ్లే రోడ్డులో సొంత కార్లను అనుమతించరు, కాబట్టి సమయం బొత్తిగా లేని రోజున కూడా ఒకసారి ఎక్కి రావచ్చు.

బెంగళూరు దగ్గరి నంది కొండలు 1,478 మీటర్ల ఎత్తు, నగరం నుంచి దాదాపు 60 కిలోమీటర్లు. నగరంలో బస చేసి సైకిల్ మీదే వెళ్లి రావాలంటే అది ఒక ఉదయపు పని కాదు, సగం రోజు పని. విమానాశ్రయం ఉన్న దేవనహళ్లి వైపు రాత్రి దిగితే లెక్క మారిపోతుంది. కొండకు చేరే దూరం సగానికి తగ్గుతుంది, హైవే మీద చీకట్లో గడిపే సమయమూ తగ్గుతుంది. ఎక్కుడు చివరి భాగం గట్టిది, కాళ్లలో బలం దాచుకోవాలి. శని, ఆదివారాల్లో సూర్యోదయం చూడటానికి వచ్చే కార్లూ బైకులూ తెల్లవారకముందే గేటు దగ్గర బారులు తీరతాయి. ఆ పొగలో, హారన్లలో ఎక్కడం కంటే వారం మధ్యలో రోజు చూసుకోవడం ఎంతో నయం.

నేను మనస్ఫూర్తిగా సిఫారసు చేసేది కొలంబియా రాజధాని బొగోతా. నగరమే 2,600 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి గాలి పీడనం సముద్రమట్టంలో ఉండే దానికి నాలుగింట మూడు వంతులే కాబట్టి, దిగిన మరునాడే కొండెక్కడానికి పూనుకోకూడదు. రెండు మూడు రోజులు శరీరానికి అలవాటు కానిచ్చి, గంటకు 600 మీటర్ల లెక్కను బాగా తగ్గించుకుని బయలుదేరాలి. నగరపు తూర్పు అంచు నుంచి లా కాలేరా వైపు ఎక్కే పాటియోస్ దారి ఆరేడు కిలోమీటర్లు, శిఖరం 3,000 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అక్కడి సైక్లిస్టులు తెల్లవారుజామునే గుంపులుగా ఎక్కుతారు. కొత్తవారు ఒంటరిగా చీకట్లో పోకుండా ఏదో ఒక గుంపు వెనకాల చేరడం అన్నివిధాలా క్షేమం. సూర్యోదయం ఏడాది పొడవునా ఆరుగంటల ప్రాంతంలోనే ఉండటం వల్ల ప్రణాళిక తేలిక. ఆదివారాల్లో, సెలవు రోజుల్లో ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా వందకు పైగా కిలోమీటర్ల నగర వీధులను వాహనాలకు మూసి సైకిళ్లకూ నడిచేవారికీ వదిలిపెడతారు. 1974 నుంచి సాగుతున్న సిక్లోవియా అదే. కొండ దిగి నగరంలోకి వచ్చేసరికి విశాలమైన వీధులన్నీ మనవే కావడం నేను మరే నగరంలోనూ చూడలేదు.

ఇక బస సంగతి. హోటల్ ఎంచుకునేటప్పుడు గది ఎంత బాగుందో కంటే, సైకిల్‌ను గదిలోకి తీసుకెళ్లనిస్తారా అన్నదే నేను ముందుగా అడుగుతాను. సైకిళ్లు పెట్టుకునే చోటు ఉందని చెప్పడం చాలదు, ఆ చోటు తాళం రాత్రివేళ ఎవరి దగ్గర ఉంటుందో తేల్చుకోవాలి. ఒక హోటల్‌లో ముందుగానే ఉత్తరం రాసి అనుమతి తీసుకున్నాను. తీరా నాలుగున్నరకు కిందికి వెళితే, రాత్రి విధుల్లో ఉన్న అబ్బాయి సొరుగులన్నీ వెతికి, "తాళం పగటి మేనేజరు గారి దగ్గర ఉండిపోయిందండీ, ఏడింటికి వస్తారు" అన్నాడు. అతని తప్పేమీ లేదు, అతనికి ఎవరూ చెప్పలేదు. అద్దం తలుపు అవతల సైకిల్ కనిపిస్తూనే ఉంది. అప్పటి నుంచి రాత్రి విధుల్లో ఉన్నవారితో నేనే స్వయంగా మాట్లాడి, బయటికి వెళ్లే తలుపు ఏదో, తిరిగి రావడానికి కార్డు పనిచేస్తుందో లేదో పడుకునే ముందే చూసుకుంటున్నాను. చిన్న బసల్లో యజమాని అక్కడే ఉంటే ఈ బాధ ఉండదు. పెద్ద హోటళ్లలో మాత్రం ఒకరికి చెప్పింది మరొకరికి చేరడం అరుదు.

అద్దె సైకిల్ విషయంలో మొదటి సంగతి, దుకాణాలు తెల్లవారుజామున తెరవరు. ముందురోజు సాయంత్రమే తెచ్చుకుని, రాత్రి గదిలో ఉంచుకునే ఏర్పాటు ఉండాలి. తీసుకునేటప్పుడు బ్రేకులు చూడాలి. బ్రిటన్ వంటి దేశాల్లో కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది, ఫ్రాన్స్, అమెరికాల్లో ఎడమచేతిది. తడిరోడ్డు మీద దిగుతూ అలవాటు కొద్దీ వెనక చక్రానిదనుకుని ముందుది గట్టిగా నొక్కితే పడిపోవడమే. చాలా దుకాణాలు అడిగితే కేబుళ్లు మార్చి ఇస్తాయి. గేర్లలో వెనకవైపు అన్నింటికంటే పెద్ద పళ్లచక్రం ఎన్ని పళ్లదో అడగాలి. ముందు చిన్న చక్రానికి 34 పళ్లు, వెనక 32 లేదా 34 పళ్లు ఉంటే ఇక్కడ చెప్పిన ఎక్కుళ్లన్నీ కూర్చునే ఎక్కవచ్చు. ఆపైన వెనక చక్రాన్ని కాస్త ఎత్తి పట్టుకుని, పెడల్ చేత్తో తిప్పుతూ ఆ పెద్ద పళ్లచక్రం మీదికి గేరు మార్చి చూస్తాను. గేరు పరికరం చక్రం పుల్లలకు (స్పోకులకు) తగిలి సన్నగా టిక్ టిక్ మన్నదంటే దాన్ని పట్టుకునే కమ్మీ వంగి ఉండవచ్చు. అలాంటి సైకిల్‌ను నిటారు చోట తక్కువ గేరుకు మార్చితే పుల్లలు విరిగి చక్రం బిగుసుకుపోవచ్చు. ఈ పరీక్షకు నిమిషం కూడా పట్టదు, దుకాణంవారు విసుక్కున్నా చేయాలి.

ఎత్తుకు వెళ్లేకొద్దీ ప్రతి 1,000 మీటర్లకు ఆరేడు డిగ్రీలు చల్లబడుతుందన్నది సాధారణ లెక్క. తెల్లవారుజామున మాత్రం చల్లగాలి లోయల్లోకి దిగి పేరుకోవడం వల్ల ఒక్కోచోట శిఖరం కంటే కొండ పాదమే చల్లగా ఉంటుంది. పైన హాయిగా ఉంది కదా అని చెమట తడి చొక్కాతో దిగడం మొదలుపెడితే, వేగానికి వీచే గాలికి వేళ్లు మొద్దుబారి బ్రేకు మీద పట్టు తప్పుతుంది. జేబులో పట్టే పలుచని గాలి కోటు, వేళ్లన్నీ కప్పే తొడుగులు ఏ కాలంలోనైనా నా వెంట ఉంటాయి. వాటిని శిఖరం మీద ఆగిన వెంటనే, ఒళ్లు వేడి ఆరకముందే తొడుక్కోవాలి.

తిరుగు ప్రయాణానికి వేసుకున్న సమయానికి అరగంట అదనంగా కలుపుతాను. ఒక పంక్చరుకు, ఒక రద్దీ కూడలికి అది సరిపోతుంది. తిరగవలసిన సమయాన్ని కూడా రాత్రే నిర్ణయించుకుంటాను. ఆ గడియ వచ్చేసరికి శిఖరం ఇంకా రెండు మలుపుల దూరంలో ఉన్నా, రోడ్డు కనిపించేంత వెలుతురు ఉంటే అక్కడి నుంచే వెనక్కి తిరుగుతాను. రాత్రి పదింటికి చూసిన వాతావరణ సూచనలో తెల్లవారుజామున వాన గానీ కొండమీద బలమైన గాలి గానీ ఉంటే అలారం పెట్టుకోను. పగలు కుదిరితే ఆ దారినే బస్సులోనో కారులోనో వెళ్లి చూసి వస్తాను. మలుపులు, గుంతలు, నీటి కుళాయిలు ఎక్కడున్నాయో అలా తెలుస్తాయి, మరునాటి ఉదయానికి అవి పనికొస్తాయి.