తాడిపత్రిలో ఉగ్గాని, బజ్జీ: గుళ్లకి వెళ్లే ముందు ఇక్కడ తినండి

బేలం గుహలకి వెళ్లేవాళ్లలో చాలామంది తాడిపత్రిని కారు అద్దంలోంచి చూసి సాగిపోతారు. దయచేసి అలా చేయకండి. పొద్దున్నే ఇక్కడ దిగి టిఫిన్ చేయండి, రెండు గుళ్లు చూడండి, ఆ తర్వాత గుహలకి బయల్దేరండి. గుళ్ల గురించి కూడా చెప్తాను గానీ, ముందు ఆ టిఫిన్ సంగతి: ఉగ్గాని, అంటే తడిపిన మరమరాల తాలింపు.

హోటల్‌కి బోర్డు లేదు. బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడికి వెళ్లే దారిలో ఒక రేకుల పంచ, ముందు పొయ్యి, పొయ్యి దగ్గర ఒక అక్క, ప్లేట్లు అందించే ఆమె కొడుకు. ఉగ్గాని అక్క ఎక్కడ అంటే ఆటోవాళ్లు చెప్తారు.

మాది కాకినాడ. మరమరాలంటే మాకు సాయంత్రం బీచిలో పొట్లం కట్టించుకునే మసాలా. వాటిని నీళ్లలో తడిపి పొద్దున టిఫిన్‌గా తింటారంటే మా అమ్మకి నమ్మకం కుదరలేదు. ముద్దయిపోవూ అంది. అందుకే పొయ్యి పక్కన నిలబడి చూశాను. అక్క బొరుగుల్ని (ఇక్కడ మరమరాలని అలాగే అంటారు) నీళ్లలో ముంచడం, రెండు చేతుల మధ్య పిండేసి పళ్లెంలో వేయడం ఒక్క ఊపులో జరిగిపోతుంది. ఆమె పనితనమంతా అక్కడే ఉంది. కాస్త ఆలస్యమైతే ముద్ద, తొందరపడితే లోపల కరకర. తర్వాత చెనిక్కాయ (వేరుశనగ) నూనెలో ఆవాలు, జీలకర్ర, కరివేపాకు, ఉల్లిగడ్డలు, పచ్చిమిరపకాయలు, పసుపు. బొరుగులు వేసి రెండుసార్లు కలిపి, దించేశాక పప్పుల పొడి చల్లుతుంది. వేయించిన పప్పులు, ఎండుకొబ్బరి, వెల్లుల్లి కలిపి దంచిన పొడి అది. మిగిలిన తడిని అదే పీల్చేస్తుంది. పైన నిమ్మరసం, కొత్తిమీర. ప్లేట్లోకి వచ్చేసరికి ఏ గింజకా గింజ విడిగా ఉంటుంది, నోట్లో పెట్టుకుంటే మెత్తగా ఉంటుంది.

పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. బజ్జీని విడిగా తినేయకండి. ఒక కొరుకు బజ్జీ, ఒక పిడికెడు ఉగ్గాని, అలా తినాలి. పక్క బెంచీ మీద పెద్దాయన నా ప్లేటు చూసి చెప్పిన పద్ధతి ఇది, నూటికి నూరుపాళ్లు నిజం.

చట్నీ చెనిక్కాయలదే, చిక్కగా ఉంటుంది. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో అనంతపురం ఒకటి, ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల దగ్గర. ఆ వానకి ఈ ఎర్రనేలల్లో రైతు నమ్ముకున్న పంట వేరుశనగ. నూనె అదే, చట్నీ అదే. కొబ్బరి చట్నీ లేదా అని అడగాలనిపిస్తే ఆ మాట గుర్తు చేసుకోండి.

కారం మాత్రం గట్టిగానే ఉంటుంది. మా అమ్మ మొదటి ముద్దకే దగ్గడం చూసి అక్క, "పెద్దమ్మా, అది పక్కన పెట్టండి, మీకు మిరక్కాయ లేకుండా కలిపిస్తా" అని చిన్న మూకుడులో వేరేగా చేసి తెచ్చింది. దానికి విడిగా డబ్బులు తీసుకోలేదు. రాత్రి నుంచి ఏమీ తినని మనిషి మళ్లీ పెట్టించుకుని తిన్నది. పెద్దవాళ్లతో ప్రయాణం చేసేవాళ్లకి ఈ మర్యాద విలువ తెలుస్తుంది.

ప్లేటు 40 రూపాయలు, బజ్జీలతో కలిపి. కూర్చోవడానికి బెంచీలు తక్కువ. తాడిపత్రి బండల ఫ్యాక్టరీలకి వెళ్లే పనివాళ్లు చొక్కాల మీద రాతిపొడితోనే వచ్చి తింటారు. వాళ్లు పనికి పోవాలి కాబట్టి వాళ్లకే ముందు పెడుతుంది. అది సబబే. తాగే నీళ్లు మీరే తెచ్చుకోండి, చేతులు కడగడానికి డ్రమ్ము ఉంది. టీలో చక్కెర బాగా ఎక్కువ. తొమ్మిది దాటితే ఏమీ మిగలదు.

ఇక గుళ్లు. రెండూ విజయనగర కాలంలో పెమ్మసాని నాయకులు కట్టించినవి, గండికోటని ఏలింది కూడా ఆ వంశమే. బుగ్గ రామలింగేశ్వరుడి గుడి పెన్న ఒడ్డునే ఉంది. నదిలో ఇసక తప్ప నీటిచుక్క లేకపోయినా లింగం అడుగున ఊట ఊరుతూనే ఉంది. అసలు చూడాల్సింది పూర్తికాని గోపురాలు. పైన శిఖరాలు లేవు, కింది రాతికట్టడం మాత్రమే నిలిచింది. ఆ రాతి మీద జానెడు చోటు కూడా ఖాళీగా వదల్లేదు. వెండిపని చేసేవాడి ఓపిక రాతి మీద కనిపిస్తుంది. శిఖరం లేదు కాబట్టి కళ్లు పైకి పరిగెత్తవు, శిల్పం మీదే నిలుస్తాయి. నాకైతే నిండు గోపురాల కన్నా ఇవే నచ్చాయి.

చింతల వెంకటరమణస్వామి గుడిలో గరుత్మంతుడికి రాతిరథం ఉంది, చక్రాలతో సహా. హంపీ రథం ముందు ఫొటోలు దిగినవాళ్లు దీన్నీ చూడాలి. ఇక్కడ తోపులాట లేదు, చుట్టూ తిరిగి నిదానంగా చూడొచ్చు. గోడల మీద రామాయణం, కృష్ణలీలలు వరసగా చెక్కారు. అమ్మ చదువుకున్నది తక్కువ. ఆ గోడల వెంట నడుస్తూ బొమ్మ బొమ్మకీ కథ చెప్పింది, హనుమంతుడు కనపడగానే ఆగి దండం పెట్టుకుంది. గంటన్నరైనా ఉంచుకోండి ఈ గుడికి.

బేలం ఇక్కడికి 30 కిలోమీటర్ల దూరం. గుహలు మొత్తం 3,229 మీటర్లు, మనం తిరిగేది కిలోమీటరున్నర దాకా. లోపల ఉక్కపోత, కాబట్టి కడుపు బరువుగా లేకపోవడమే మంచిది. ఉగ్గాని ఆ లెక్కకి సరిగ్గా సరిపోయింది. మధ్యాహ్నం రోడ్డు పక్కన ఒక పెద్ద హోటల్లో 'రాయలసీమ స్పెషల్' అని రాసి ఉంటే రాగి సంగటి తెప్పించాం. చల్లారి పైన చెక్కు కట్టిన ముద్ద తెచ్చి పెట్టారు. నాలుగింతల ధర. ఆ ఊళ్ల సంగటి అలా ఉండదని ఉగ్గాని తిన్న నోటికి తెలిసిపోతోంది.

తాడిపత్రి అనంతపురానికి సుమారు 60 కిలోమీటర్లు. రైలు స్టేషను కూడా ఉంది. ముందురోజు రాత్రికే వచ్చి బస చేస్తే ఏడు గంటలకల్లా అక్క దగ్గర ఉండొచ్చు. పప్పుల పొడి ఇంటికి కావాలంటే తినేముందే చెప్పండి, మీరు తినేలోపు పావుకిలో పొట్లం కట్టిస్తుంది.