"వాడగా వాడగా వదులవుతాయి" అని పాయింటెడ్ హీల్స్ అమ్ముతున్నారు, జాగ్రత్త

పెళ్లిళ్ల సీజన్ కదా, చాలామంది చీరలకు మ్యాచింగ్ హీల్స్ వెతుక్కునే పనిలో ఉంటారు. డబ్బు కట్టేముందు ఇది ఒక్కసారి చదవండి. వేసి చూసినప్పుడు వేళ్లు నొక్కుకుంటున్నాయని మీరంటారు. "కొత్తవి కదా మేడం, నాలుగు రోజులు తిరిగితే వదులవుతాయి" అంటాడు సేల్స్‌మన్. ఆ మాట నమ్మకండి. మా చెల్లికి సరిగ్గా ఆ మాట చెప్పే అమ్మారు.

తను హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో రిసెప్షన్ చూస్తుంది. వేళ్లు కనపడకుండా మూసి ఉండే నల్ల హీల్సే వేసుకోవాలని అక్కడ రూలు. పేరున్న షోరూమ్‌లోనే తీసుకున్నాం. మూడంగుళాల ఎత్తు, ముందువైపు సన్నగా కోసుగా ఉంటుంది. "ప్యూర్ లెదర్, అదే సాగుతుంది" అన్నారు. మొదట్లో మడమ వెనక చెప్పు కరిచింది, చిటికెనవేలి మీద ఆనె లేచింది. అంతవరకూ అందరికీ తెలిసిందే. అసలు బాధ ఆ తర్వాత మొదలైంది. మూడో వేలికీ నాలుగో వేలికీ మధ్య భగ్గుమని మంట, వేళ్ల చివర్లు తిమ్మిరి, అరికాలి కింద చిన్న గులకరాయి ఇరుక్కున్నట్టు ఉండటం. చెప్పు విప్పి వేళ్లు నలుపుకుంటే తగ్గేది, వేసుకోగానే మళ్లీ వచ్చేది. ఆర్థోపెడిక్ డాక్టర్ చూసి 'మోర్టన్స్ న్యూరోమా' అన్నారు. వేళ్లలోకి వెళ్లే నరం ఎముకల మధ్య రోజూ నలిగి నలిగి, దాని చుట్టూ కణజాలం మందం కట్టడమట. మగవాళ్లలో కంటే ఆడవాళ్లలోనే ఇది ఎక్కువ. ఆయన మందుల కంటే ముందు చెప్పిన మాట, ఆ చెప్పులు మానేయమని.

డబ్బు పోసి కొన్నవి కదా, కాస్త సాగదీయించి ఎప్పుడో ఒకసారి వాడుకుందామని మా వీధి చివర చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్లాం. లోపలి ప్యాడ్ కాస్త పైకి లేపి అంచు చూపించాడు. కింద గుడ్డ నేత కనపడుతోంది. "ఇది రెగ్జిన్ అమ్మా, సాగదు, లాగితే చిట్లుతుంది" అన్నాడు. లెదర్ అయితే అంచున పీచుపీచుగా ఉంటుందట. బిల్లు మీద చూస్తే 'లెదర్' అనే రాశారు.

అసలు తోలైనా ఎంతని సాగుతుంది? అరికాలి ముందుభాగం దగ్గర కాస్త వదులవుతుందేమో గానీ, కోసుగా కుట్టిన మొన వెడల్పు కాదు. సైజు పెంచితే పొడవు పెరుగుతుంది, హీల్ ఎత్తు మీద పాదం ముందుకి జారి మళ్లీ ఆ మొనలోనే ఇరుక్కుంటుంది. ఇది మన ఒక్కరి పాదం తప్పు కాదు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలో 79 చోట్ల లక్ష మందికి పైగా పాదాలను త్రీడీ స్కానర్లతో కొలిచింది. మనవాళ్ల పాదాలు యూరప్, అమెరికా వాళ్ల పాదాల కంటే వెడల్పని అందులో తేలింది. మనకు అమ్మేవేమో ఇప్పటికీ యూకే, యూరప్ సైజులు. ఆడవాళ్లు కావలసిన దానికంటే పెద్ద సైజు హీల్స్ వేసుకుని దెబ్బలు తగిలించుకుంటున్నారని కూడా ఆ సర్వే గుర్తించింది. 'భా' అనే భారతీయ సైజుల పద్ధతి అక్కడి నుంచే వచ్చింది. అది షాపుల దాకా వచ్చేవరకు మన కొలత మనమే చూసుకోవాలి.

ఇంట్లో తెల్ల కాగితం మీద నిలబడి పాదం చుట్టూ పెన్సిల్‌తో గీయండి. రెండు పాదాలూ గీయండి, చాలామందికి రెండూ ఒకేలా ఉండవు. ఆ కాగితం షాపుకి తీసుకెళ్లి చెప్పు దాని మీద పెడితే చాలు, గీత ఎక్కడ బయటికి వస్తోందో కనపడుతుంది. అక్కడే మీ వేలు నలిగేది. సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. కూర్చుని కాదు, నిలబడి, గచ్చు మీద నడిచి చూడండి. పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. కొన్ని చెప్పుల మీద చిన్న గుర్తులుంటాయి: జంతు చర్మం ఆకారం ఉంటే తోలు, డైమండ్ ఆకారం ఉంటే వేరే పదార్థం, వల గుర్తుంటే గుడ్డ.

ఎత్తు సంగతి కూడా చెప్పాలి. హీల్ పెరిగేకొద్దీ ఒంటి బరువు మడమ మీంచి వేళ్ల మొదళ్ల మీదికి వస్తుంది. "నాకు అలవాటైపోయింది, ఫ్లాట్స్ వేస్తేనే నొప్పి" అనేవాళ్లు ముఖ్యంగా వినండి. ఏళ్ల తరబడి హీల్స్ వేసుకునే ఆడవాళ్లలో పిక్క కండరపు పోగులు పొట్టివై, మడమ వెనకుండే స్నాయువు బిరుసెక్కుతుందని మాంచెస్టర్ పరిశోధకులు 2010లో చూపించారు. కాలు చదునుగా ఆనితే అది లాగుతుంది. అందుకే ఆ నొప్పి.

బొటనవేలు పక్కకి వంగి, దాని మొదలు దగ్గర ఎముక ఉబ్బడాన్ని డాక్టర్లు 'బనియన్' (bunion) అంటారు. అది కొంత వంశపారంపర్యం, కానీ ఇరుకు చెప్పు దాన్ని ముదరబెడుతుంది. దానికి ఆన్‌లైన్‌లో అమ్మే సిలికాన్ పట్టీలు కాస్త ఉపశమనం ఇవ్వచ్చు. ఒకసారి తిరిగిన ఎముకను పెద్దవాళ్లలో అవి నిటారు చేయవు. ఫొటోలు చూసి మోసపోకండి.

ఫ్లాట్‌గా ఉన్నాయి కదా అని బెల్లీస్‌కి (వేళ్లు మూసి ఉండే, మడమ ఎత్తు లేని చెప్పులు) మారేవాళ్లకి ఇంకో మాట. మెట్టెలు పెట్టుకుని ఇరుకు బెల్లీస్ వేసుకుంటే ఆ వెండి పక్క వేలిని కోసేస్తుంది. అట్టలాంటి పలచని సోల్ ఉన్నవి రోజంతా వాడితే పొద్దున లేచి కాలు నేల మీద పెట్టగానే మడమ నొప్పి పట్టుకుంటుంది. ఇంట్లో అమ్మకో అత్తయ్యకో షుగర్ ఉంటే, ముచ్చటపడి ఇరుకు ఫ్యాన్సీ చెప్పులు అస్సలు కొనివ్వకండి. స్పర్శ తగ్గిన పాదానికి చెప్పు కరిచిందని తెలియదు, పుండు పడ్డాకే తెలుస్తుంది. వాళ్లు ఆనెలకు కార్న్ క్యాప్‌లు అంటించుకోవద్దు, బ్లేడుతో కోసుకోవద్దు, డాక్టర్‌కే చూపించాలి.

చెల్లి ఆఫీసువాళ్లు డాక్టర్ చీటీ చూసి ఫ్లాట్స్‌కి ఒప్పుకున్నారు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో హీల్స్ తప్పనిసరి చేయడాన్ని 2017లోనే నిషేధించారు, మన దగ్గర మాత్రం ఇంకా చీటీలు చూపించుకుంటున్నాం. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

షోరూమ్‌వాళ్లు మాత్రం "సోల్ అరిగింది, ఒకసారి అమ్మింది వాపసు తీసుకోం" అన్నారు. తోలు కానిదాన్ని తోలని అమ్మడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. బిల్లు, అట్టపెట్టె, డాక్టర్ చీటీ అన్నీ దాచాం, లోపలి గుడ్డ కనపడేలా ఫొటోలు తీశాం, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం. వాళ్ల నుంచి ఏం తేలినా ఇక్కడే రాస్తాను. ఇలాగే రెగ్జిన్‌ని లెదర్ అని మీకూ అంటగట్టి ఉంటే బిల్లు పారేయకండి, ఫోన్ చేయండి.