పాత మారుతి స్విఫ్ట్, ఫోర్డు ఫిగో డీజిల్ కార్లు చూస్తున్నారా? హైవే మీద తిప్పి చూసి బయానా ఇవ్వకండి

రావులపాలెంలో హైవే ఎక్కించి, ఐదో గేరులో తొంభై మీద తిప్పి "చూశారా పికప్పు" అనే బ్రోకర్లతో జాగ్రత్తండి. ఆ రోడ్డు మీద 2008 స్విఫ్టయినా, 2011 ఫిగో అయినా సాఫీగానే పోతుంది. అసలు గుణం బయటపడేది కాలవ గట్టు మీద.

స్విఫ్టుది 1248 సీసీ, 75 హార్స్ పవర్, 190 ఎన్ఎం టార్కు (అంటే లాగే బలం). ఫిగోది 1399 సీసీ, 69 హార్స్ పవర్, 160 ఎన్ఎం. లెక్కల్లో స్విఫ్టే ముందు. కానీ దాని బలమంతా ఇంజను వేగం 2000 ఆర్‌పీఎం దాటి, గాలిని ఒత్తి పంపే టర్బో అందుకున్నాకే. కొబ్బరికాయల లారీ వెనక మూడో గేరులో ముప్పై మీద పోతూ ఎక్సలేటరు నొక్కితే కాసేపు ఉలుకూ పలుకూ ఉండదు, తర్వాత ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. ఎదురుగా ఆటో వస్తుంటే ఆ కాసేపే కొంప ముంచుతుంది. ముందే రెండో గేరుకి దించాలి. ఫిగో కింది నుంచే నిదానంగా లాగుతుంది, పై స్పీడుల్లో మాత్రం ఆయాసపడుతుంది.

ఫిగోకి హైడ్రాలిక్ స్టీరింగు, వీల్‌బేసు (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2489 మిల్లీమీటర్లు. ఆ స్విఫ్టుకి ఎలక్ట్రిక్ స్టీరింగు, 2390. స్విఫ్ట్ చురుగ్గా తిరుగుతుంది గానీ గతుకుల్లో వెనక కూర్చున్నవాళ్లని ఎగరేస్తుంది. ఫిగో మలుపులో రోడ్డుని అంటిపెట్టుకుంటుంది, చక్రం కింద ఏముందో చేతికి తెలుస్తుంది. గట్టు రోడ్లకి మా ఓటు ఫిగోకే, కింద భాగం బాగుంటేనే.

ఆ కింద భాగంలోనే మోసం. 2013లో ఫోర్డు 1.66 లక్షల ఫిగో, క్లాసిక్ కార్లని వెనక్కి పిలిచింది, వెనక ఇరుసు బీము, పవర్ స్టీరింగు హోసు గురించి. చూస్తున్న బండికి ఆ పని జరిగిందో లేదో సర్వీసు రికార్డులో అడగండి. అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలికి తిరిగిన బండయితే బీము వెల్డింగులు, స్ప్రింగు సీట్లు, బ్రేకు పైపులు తప్పక చూడాలి. అడుగున కొత్తగా నల్లటి కోటింగు మెరుస్తుంటే సంతోషించకండి. స్క్రూడ్రైవరు పిడితో కొట్టండి. ఖంగుమనాలి. మొద్దుగా మోగినా, పెచ్చులూడినా లోపల తుప్పే.

ఫిగో ఇంజనుకి టైమింగు బెల్టు, అంటే వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా తిప్పే రబ్బరు పట్టీ. కిలోమీటర్లు తక్కువ తిరిగినా ఏళ్లు గడిస్తే రబ్బరు పాతబడుతుంది. తెగిందంటే పిస్టన్లు వాల్వుల్ని కొడతాయి, హెడ్డు విప్పాల్సిందే. మార్చిన బిల్లు చూపించకపోతే బెల్టు, దాన్ని బిగుతుగా ఉంచే టెన్షనరు, వాటరు పంపు ఖర్చు బేరంలో తగ్గించండి. స్విఫ్టుకి బెల్టు బదులు చైను. రాత్రంతా ఆగిన బండిని పొద్దున్నే స్టార్ట్ చేసి వినండి, గలగల చప్పుడొస్తే వదిలేయండి. మీరు వెళ్లేసరికే ఇంజను వేడిగా ఉంటే ఇంకోరోజు వస్తామని చెప్పండి.

ఇక వరద బళ్లు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది, లంకలు మునిగాయి. నీట మునిగిన బండిని కడిగి, సెంటు కొట్టి అమ్మేస్తే పైకి తెలీదు. సీటు బెల్టు చివరిదాకా లాగండి, బురద గీత అక్కడ మిగిలిపోతుంది. స్టెప్నీ తీసి గుంటలో ఒండ్రు ఉందేమో తడమండి. సీటు పట్టాల బోల్టులు తుప్పుపట్టినా, ఫ్యూజుల కాళ్లు పచ్చగా చిలుమెక్కినా ఇంక ఆ బండి వద్దు.

ఆర్‌సీలో 15 ఏళ్ల గడువు తేదీ చూడండి, అయిపోయుంటే ఫిట్‌నెస్, రెన్యువల్ ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోండి. బయానా చీటీలో ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు రాయించండి. "ఉన్నది ఉన్నట్టుగా" అనే మాట అందులో కనబడితే కొట్టేయించాకే సంతకం పెట్టండి.