జాగ్రత్త: "అంతా ఓకే" వీడియో చూసి పాత 120 కెమెరా కొనకండి (బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వాళ్ళకి)

ఒక యాషికా మాట్-124జి (120 రోలు ఫిల్ము వేసే, ఒకదాని మీద ఒకటి రెండు లెన్సులుండే పాత కెమెరా) బరంపురం వైపు మళ్ళీ అమ్మకానికి వచ్చింది. పాత స్టూడియో సరుకు, ఫిల్ము వేసి చూశాం, అంతా ఓకే అంటున్నారు. ఇదే కెమెరా రెండు నెలల కిందట 18,000 రూపాయలకి అమ్ముడుపోయింది. రెండో రోలుకే మొరాయిస్తే, అమ్మినాయన 4,000 కోసుకుని వెనక్కి తీసుకున్నాడు. రిపేరు చేయించిన జాడ లేదు. అదే వీడియో మళ్ళీ పంపిస్తున్నాడు. మనిషి పేరు ఇక్కడ రాయడం లేదు గానీ కెమెరా గుర్తులు రాస్తున్నాం. ముందువైపు తోలు ఎడమ కింది మూల లేచి ఉంటుంది. ఆ మూల ఎత్తి చూస్తే లోపలి స్క్రూ తల గాడి చెదిరి, ఇత్తడి రంగు బయటపడి మెరుస్తుంది. అంటే ఎవరో సరిపడని స్క్రూడ్రైవరుతో విప్పారన్నమాట.

వీడియోలో షట్టర్ స్పీడ్లలో 1/125, 1/500 (సెకనులో అన్నో వంతు) రెండే కొట్టి చూపిస్తాడు. టక్, టక్ అని చక్కగా పడతాయి. కిటుకంతా అక్కడే ఉంది. లీఫ్ షట్టర్లో, అంటే లెన్సులోనే సన్నటి రేకులు తెరుచుకుని మూసుకునే రకంలో, స్లో స్పీడ్ల కోసం వేరే చిన్న గేర్ల వరస ఉంటుంది. రేకులు తెరుచుకున్నాక వాటిని మూయకుండా కాసేపు పట్టి ఉంచేది అదే. పై స్పీడ్లలో దాని పని చాలా తక్కువ. 124జి 1970 నుంచి 1986 దాకా తయారైంది, ఎంత ఆఖర్లో వచ్చిన పీసైనా దాదాపు 40 ఏళ్ళ సరుకు. విప్పి శుభ్రం చేయకపోతే లోపలి గ్రీజు గట్టిపడి జిగురవుతుంది. అప్పుడు 1/125 బాగానే పడుతుంది, 1/15 దగ్గర నత్తనడక, 1 సెకను పెడితే రేకులు తెరుచుకుని అలాగే ఉండిపోతాయి. ఈ కెమెరాలో జరిగిందీ అదే. మొదటి రోలు ఎండలో తీసింది, 12 ఫ్రేములూ బాగున్నాయి. రెండోది గుడి మండపంలో 1/8లో తీస్తే, వెలుతురు మరీ ఎక్కువ పడి నెగిటివులు తారులా నల్లగా వచ్చాయి.

ఇంతకన్నా పాడు పని ఇంకొకటి ఉంది. షట్టర్ విప్పకుండా ముందునుంచే లైటర్ ఫ్లూయిడో, స్ప్రే నూనో పోసేస్తారు. తడి ఉన్నంతసేపు అన్ని స్పీడ్లూ పలుకుతాయి, వీడియో తీసుకుంటారు. కరిగిన గ్రీజు రేకుల మీదికి పాకి, తడి ఆరాక పల్చటి పొరలా అంటుకుంటుంది. వారం పది రోజుల్లో ముందుకన్నా ఎక్కువ బిగుసుకుంటుంది. బ్యాక్ డోరు తెరిచి, టార్చి ఏటవాలుగా కొట్టి రేకులు చూడండి. మసిబారిన పొడి నలుపు ఉంటే మంచిది. నీళ్ళ మీద కిరసనాయిలు పడ్డట్టు రంగులు తేలితే అక్కడితో బేరం ఆపేయండి.

అమ్మేవాళ్ళని అడగాల్సిన వీడియో ఇది: బ్యాక్ డోరు తెరిచి, ఎపర్చరు (వెలుతురు వచ్చే కన్నం) 3.5లో, అంటే పూర్తిగా తెరిచి పెట్టి, 1 సెకను నుంచి మొదలుపెట్టి ఒక్కో స్పీడూ మూడేసి సార్లు కొట్టాలి. మొదటి దెబ్బే ముఖ్యం. నాలుగుసార్లు కొట్టాక కాస్త కదిలి సరిగ్గా పడే షట్టర్లు చాలా ఉంటాయి. 1 సెకనుకి సన్నటి గడియారం తిరుగుతున్నట్టు "జ్ర్ర్ర్" మని ఒకే తీరులో వినపడాలి. మధ్యలో ఆ చప్పుడు నీరసించి మళ్ళీ అందుకుంటే గేర్లు జిగురుపట్టాయి. ఫోనులో 240 ఫ్రేముల స్లో మోషన్ ఉంటే లెక్క ఇంకా తేలిక: 1/8కి 30 ఫ్రేములు, 1/15కి 16, 1/30కి 8 తెరిచి ఉండాలి. 1/30కి 10 వచ్చినా పనికొస్తుంది, 16 వస్తే ఒక స్టాపు తేడా, అంటే వెలుతురు రెట్టింపు పడుతున్నట్టే. 1/500 సంగతి మాత్రం ఫోనుతో తేలదు. సెల్ఫ్ టైమరు మీట ముట్టుకోకండి, ముట్టుకోనివ్వకండి. పాత షట్టర్లలో అది సగంలో ఇరుక్కుని మొత్తం షట్టర్నే బిగించేస్తుంది. యాషికా-డి, రోలీకార్డ్ లాంటి వాటిలో 1/500 పెట్టాలంటే షట్టర్ ఎక్కించకముందే (మీటతో స్ప్రింగు బిగించకముందే) పెట్టాలి, ఎక్కించాక బలవంతంగా తిప్పకూడదు.

ఇక బూజు. గోపాలపూర్ సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో, వానాకాలం చెమ్మ వదలని రాయగడ, గుణుపురం ఇళ్ళలో ఇది తప్పదు. పాత స్టూడియోల్లో కెమెరాని తోలు కేసులో పెట్టి మేకుకి తగిలించేవాళ్ళు. ఆ తోలే చెమ్మ పీల్చుకుని బూజు పెంచుతుంది. కేసుతో సహా అన్నారని మురిసిపోకండి, ఇంటికి తెచ్చాక కెమెరాని అందులో ఉంచకండి. ఫొటో తీసేది కింది లెన్సు. పై లెన్సు చూడ్డానికే, దానిలో మచ్చున్నా బొమ్మకి నష్టం లేదు. అమ్మేవాళ్ళు తెలివిగా పైదాన్ని దగ్గరగా ఫొటో తీసి పంపిస్తారు. కింది లెన్సుని బి-లో (నొక్కినంతసేపు షట్టర్ తెరిచి ఉండే సెట్టింగు) కేబుల్ రిలీజుతో తెరిచిపెట్టి, వెనకనుంచి టార్చి కొట్టించండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే బూజు. తుడిస్తే పోగులు పోతాయి గానీ అది వదిలిన ఆమ్లం కోటింగుని తినేసి ఉంటే ఆ గీతలు పోవు, ఎదురెండలో బొమ్మ తేలిపోతుంది. ఈ 124జిలో వెనక గ్లాసు లోపలివైపు అలాంటి చెట్టుకొమ్మ ముద్ర ఒకటి, అంచు నుంచి మధ్యకి వచ్చి ఉంది.

ఎవరైనా విప్పిన కెమెరా అయితే ఫోకసు కూడా అనుమానించాలి. గాజుముక్కకి మసక టేపు అంటించి, టేపు వైపు లెన్సుకి పెట్టి, ఫిల్ము ఆనే లోపలి పట్టాల మీద ఉంచండి. దూరంగా ఉన్న కరెంటు స్తంభమో, కొండ అంచో పైనుంచి చూసే మసక గాజు తెర మీద స్పష్టం చేసి, టేపు మీద చూడండి. రెండుచోట్లా ఒకేసారి స్పష్టమవ్వాలి. ఆ తెర కింద లోపల వాలుగా ఉండే అద్దాన్ని గుడ్డతో తుడవకండి, వెండిపూత పైవైపే ఉంటుంది, రాలిపోతుంది.

వెలుతురు కొలిచే మీటరు పనిచేస్తోందన్న మాటకి ఎక్కువ డబ్బు ఇవ్వకండి. అది 1.35 వోల్టుల మెర్క్యురీ సెల్లుకి చేసినది, ఆ సెల్లులు ఇప్పుడు రావు. 1.5 వోల్టులది వేస్తే వెలుతురు ఎక్కువ చూపించి, ఫొటో చీకటిగా వస్తుంది. వినికిడి మిషన్లలో వేసే 675 జింక్ సెల్లు 1.4 వోల్టులు, చుట్టూ రింగు పెట్టి వాడుకోవచ్చు.

పాత కోడాక్ పెట్టె కెమెరాలని 120 అని అంటగడుతున్నారు, వాటిలో చాలా 620వి. ఫిల్ము వెడల్పు ఒకటే, స్పూలు సన్నం. మన రోలు అందులో కూర్చోదు. రెండు ఖాళీ 620 స్పూళ్ళు ఇస్తేనే మాట్లాడండి, చీకట్లో ఫిల్ము మార్చి చుట్టుకోవాల్సి ఉంటుంది. మడత కెమెరాలైతే చీకటి గదిలో బెల్లోస్ (లెన్సు వెనక మడతల తిత్తి) లోపల టార్చి పెట్టి మూలలు చూడండి, సూదిమొన వెలుగులు కనబడతాయి.

కొన్న వారంలోపే ఒక రోలు పరీక్షకి వాడేయండి. మబ్బు పట్టిన పగలు, ఐఎస్‌ఓ 100 ఫిల్ము, ట్రైపాడు మీద ఒకే గోడ. స్పీడు, దానికి ఎపర్చరు ఇలా: 1/500కి 4, 1/250కి 5.6, 1/125కి 8, 1/60కి 11, 1/30కి 16, 1/15కి 22. ఆరు నెగిటివులూ ఒకే సాంద్రతలో ఉండాలి. ఏ ఫ్రేము నల్లబడితే ఆ స్పీడు నిదానించినట్టు. మిగతా ఆరు ఫ్రేముల్లో మధ్య ఖాళీలు సమానంగా ఉన్నాయా, అంచుల్లో వెలుతురు కారిందా చూడండి. 124జి బ్యాక్ డోరు స్పాంజి పట్టీలు ఈపాటికి పొడైపోయి ఉంటాయి, అది మాత్రం చవగ్గా తీరే రోగం.

ఇప్పటికే కొని ఇరుక్కున్నవాళ్ళు షట్టర్లో ఏదీ పోయకండి. మెకానిక్కుకి ఇచ్చేటప్పుడు "స్లో గేర్లు విప్పి కడగాలి, రేకులకి నూనె పెట్టకూడదు" అని ముందే చెప్పండి. తీసుకునేటప్పుడు కౌంటరు దగ్గరే బ్యాక్ డోరు తెరిచి 1 సెకను కొట్టి చూడండి, పది రోజులు ఆగి మళ్ళీ ఒకసారి కొట్టి చూడండి.