ఆరేళ్లుగా వాడుతున్న 10డి-11 థెర్మిస్టర్

మా షెడ్డులోని చిన్న సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) మెషీన్‌కి 24 వోల్టులు, 200 వాట్ల ఎస్‌ఎంపీఎస్, అంటే ఏసీని డీసీగా మార్చే పవర్ సప్లై, నేనే కట్టుకున్నాను. మొదట్లో ఇన్‌రష్ కరెంటుకు, అంటే స్విచ్ వేయగానే ఒక్కసారిగా దూసుకొచ్చే కరెంటుకు, అడ్డం ఏమీ పెట్టలేదు. స్విచ్ వేసినప్పుడల్లా నిప్పురవ్వ, ‘టప్’మని చప్పుడు. సప్లై మొదట్లో ఛార్జి దాచుకునే 220 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఖాళీగా ఉంటే, ఆ క్షణంలో షార్టుతో సమానం. 230 వోల్టుల లైన్‌లో పీక్ 325 వోల్టులు, అదంతా ఒక్కసారిగా దాని మీద పడుతుంది.

రెండు ఫ్యూజులు పోయాక 10డి-11 థెర్మిస్టర్ వేశాను, వేడెక్కేకొద్దీ నిరోధం తగ్గే చిన్న బిళ్ల అది. చల్లగా ఉన్నప్పుడు 10 ఓంలు, బిళ్ల వ్యాసం 11 మిల్లీమీటర్లు అని ఆ పేరుకు అర్థం. తొలి దెబ్బ 33 ఆంపియర్ల లోపే ఆగుతుంది. తర్వాత బిళ్ల వేడెక్కి ఓం లోపుకు దిగిపోతుంది. చప్పుడు పోయింది, నాలుగేళ్లు ఒక్క ఫ్యూజు మార్చలేదు. అంత చవక వస్తువు ఇంత పని చేయడం నాకిప్పటికీ ముచ్చటే. బోర్డుకు ఆనించి మాత్రం సోల్డర్ చేయకండి, నా బోర్డు ఏడాదికే మాడి నల్లబడింది. కాళ్లు పొడుగ్గా ఉంచి, కెపాసిటర్‌కు దూరంగా నిలబెట్టాలి.

అసలు లోపం ఒక వానాకాలం సాయంత్రం బయటపడింది. మెషీన్ నడుస్తుండగా కరెంటు పోయి, రెండు సెకన్లలో వచ్చింది. అప్పటికే లోడు కెపాసిటర్‌ని ఖాళీ చేసేసింది, బిళ్ల మాత్రం ఇంకా కాలుతూనే ఉంది. అడ్డం లేనట్టే అయింది. ఫ్యూజుతో పాటు, ఏసీని డీసీ చేసే డయోడ్ల బ్రిడ్జి కూడా పోయింది. బిళ్ల చల్లారడానికి నిమిషమైనా పడుతుంది, మా ఊళ్లో కరెంటు అంతసేపు ఆగి రాదు.

దాంతో బిళ్ల తీసేసి 47 ఓంల, 10 వాట్ల సిమెంట్ రెసిస్టర్ పెట్టాను. 7 ఆంపియర్లకు మించి లాగదు. అర సెకను తర్వాత ఒక రిలే (కాయిల్‌కి కరెంటిస్తే పనిచేసే స్విచ్) దాన్ని బైపాస్ చేస్తుంది. మొదట రిలే కాయిల్‌ని 24 వోల్టుల అవుట్‌పుట్ నుంచే నడిపి పొరపాటు చేశాను. అవుట్‌పుట్ కెపాసిటర్ల వల్ల కరెంటు పోయినా రిలే వెంటనే వదల్లేదు, చిన్న కోతకే ఎంసీబీ పడిపోయింది. ఇప్పుడు మెయిన్స్ వైపు నుంచే నడుపుతున్నాను, కరెంటు పోగానే వదిలేస్తుంది. రిలే ఆన్ అయ్యాకే మోటార్ డ్రైవర్లకు కరెంటు వెళ్లాలి, లేదంటే రెసిస్టర్ మాడుతుంది. అందుకని రెసిస్టర్‌కు ఆనించి, వేడి మించితే తెగిపోయే థర్మల్ ఫ్యూజు కూడా పెట్టాను.

ఇలా రెండేళ్లయింది, ఎన్ని కోతలొచ్చినా బ్రిడ్జి నిలబడింది. ఇంట్లో యాంప్లిఫయర్‌కి మాత్రం ఇప్పటికీ 10డి-11 ఒక్కటే ఉంది. కరెంటు పోతే స్విచ్ ఆపేసి, బిళ్ల చల్లారాకే మళ్లీ వేస్తాను.